గుచ్చేటప్పుడు కాదు, గుచ్చాక

ప్రశ్న: రాయగడ జిల్లాలో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. నాలుగు నెలల్లో రెండుసార్లు వేలికి సూది దిగింది. ఒకసారి క్యాప్ పెడుతుంటే, ఇంకోసారి నైట్ డ్యూటీలో సెలైన్ పెడుతుంటే. రెండుసార్లూ గ్లవ్స్ ఉన్నాయి. ‘నీ చేతిలోనే ఏదో ఉంది’ అంటున్నారు తోటి సిస్టర్లు. తప్పు నాదేనా?

జవాబు: చెయ్యి సంగతి తర్వాత, ముందు సూదులు వేసే తెల్ల డబ్బా ఎక్కడుందో చూడండి. చాలా గాట్లు ఇంజెక్షన్ చేసేటప్పుడు పడవు. సూది బయటికి వచ్చాక, డబ్బాలో పడేలోపు పడతాయి. డబ్బా వార్డు చివర ఉంటే అక్కడిదాకా సూది పట్టుకుని నడవాలి, అందుకే క్యాప్ పెట్టబుద్ధవుతుంది. రెండు చేతులతో క్యాప్ పెట్టడమే పెద్ద ప్రమాదం. తప్పనిసరైతే క్యాప్‌ని ట్రేలో పడుకోబెట్టి, ఒక్క చేత్తో సూదిని అందులోకి దూర్చండి. రెండో చెయ్యి వెనక్కి పోవాలి.

సెలైన్ దగ్గర జరిగేది వేరు. కాన్యులా (నరంలో ఉంచే సన్న ప్లాస్టిక్ గొట్టం) లోపలి సూది తీశాక ఒక చెయ్యి నరం నొక్కి ఉంటుంది, రెండో చేతిలో రక్తపు సూది. ప్లాస్టర్ ఇంకా కత్తిరించలేదు. ఏం చేస్తాం? సూదిని పరుపు మీద పెడతాం. తర్వాత దుప్పటి సర్దేటప్పుడు అది మీకో, ఆయాకో గుచ్చుకుంటుంది. కుట్లు వేసే సూది కంటే ఇది చెడ్డది, బోలుగా ఉంటుంది కనుక లోపల రక్తం నిలుస్తుంది. కాబట్టి ప్లాస్టర్ ముక్కలు ముందే కత్తిరించి ట్రే అంచుకు అంటించండి. డబ్బా సూది పట్టే చేతివైపు, చెయ్యి చాస్తే అందేలా ఉంచండి. ముప్పావు వంతు నిండాక మార్పించండి. నిండిన డబ్బాలోకి సూదిని తోసే చేతికే గుచ్చుకుంటుంది.

మీ వైపు ఇంకొకటి ఉంది. మీరు తెలుగులో ‘కదలకు’ అంటే కుయి మాట్లాడే రోగికి అర్థం కాదు, గుచ్చగానే చెయ్యి లాగేస్తాడు. వాళ్ల భాష వచ్చిన మనిషితో ముందే చెప్పించండి. పిల్లలైతే పట్టుకోవడానికి రెండో మనిషి ఉండాల్సిందే. ఒక్కరే ముప్పై మంచాలు చూసే రాత్రి రెండో మనిషి ఎక్కడ దొరుకుతారంటారా? నిజమే. అది మీ అజాగ్రత్త కాదు, మనుషుల్ని వెయ్యనివాళ్లది.

గ్లవ్స్ సూదిని ఆపవు. సూది బయట అంటిన రక్తాన్ని కొంత తుడుస్తాయి, అంతే. అయినా మానకండి.

ప్రశ్న: మా ఆవిడ నర్సు. సూది గుచ్చుకుంటే వేలు పిండి, స్పిరిట్ పోసుకుంది. చాలదా? (పర్లాకిమిడి)

జవాబు: చాలదు, పైగా పిండకూడదు. పారే నీళ్లలో సబ్బుతో కడగాలి. స్పిరిట్, బ్లీచింగ్ వద్దు. నోట్లో పెట్టుకోవద్దు.

టీకా లేనివారికి, రోగిలో వైరస్ ఉంటే, హెపటైటిస్ బి సోకే అవకాశం నూటికి 6 నుంచి 30. హెచ్‌ఐవీ వెయ్యికి 3. అందరూ రెండోదానికే భయపడి మొదటిదాని టీకా వేయించుకోరు. టీకా 0, 1, 6 నెలలకు మూడు డోసులు. చివరి డోసు అయిన 1–2 నెలలకు యాంటీబాడీ (రక్తంలో రోగాన్ని అడ్డుకునే పదార్థం) పరీక్షలో మిల్లీలీటరుకు కనీసం 10 మిల్లీ యూనిట్లు ఉండాలి. టీకా లేకుండా గుచ్చుకుంటే వెంటనే మొదటి డోసు, వీలైతే 24 గంటల్లో ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్).

హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు 2 గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే పనికిరాదు. అవసరమని డాక్టరు తేలిస్తే 28 రోజులు మానకుండా వాడాలి. రోగి రిపోర్టు రేపొస్తుందని మొదటి మాత్ర ఆపొద్దు, నెగెటివ్ వస్తే మానేయొచ్చు. ఆమెకు ఆ రోజే రక్త పరీక్ష చేయించాలి, తర్వాత 6 వారాలకు, 3 నెలలకు. ఎన్ని గంటలకు, ఏ సూది, ఏ మంచం అన్నది అదే షిఫ్టులో రిజిస్టరులో రాయించండి.