లాగ్ లెక్క: యాప్ జవాబు వేరేగా వస్తే?

ప్రశ్న: ఆన్‌లైన్ హోంవర్క్‌లో లాగ్(ఎక్స్) + లాగ్(ఎక్స్ - 3) = 1 అనే లెక్క ఇచ్చారు. నాకు 5, -2 వచ్చాయి. రెండూ టైప్ చేస్తే తప్పని చూపిస్తోంది. లెక్కలు చేసిపెట్టే వెబ్‌సైట్ వుల్ఫ్రామ్ ఆల్ఫాలో అడిగితే 3.729 అంటోంది. గడువు దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. ఏది సరైనది?

జవాబు: 5 ఒక్కటే రాయండి. మీరు చేసిన పద్ధతి సరైనదే. రెండు లాగ్‌ల మొత్తం లోపలి సంఖ్యల లబ్ధానికి లాగ్, లాగ్(10) = 1, కాబట్టి ఎక్స్(ఎక్స్ - 3) = 10 అవుతుంది, దాని మూలాలు 5, -2. కానీ వాస్తవ సంఖ్యల్లో సున్నాకూ రుణ సంఖ్యకూ లాగ్ లేదు. -2ను అసలు సమీకరణంలో పెట్టి చూడండి: లాగ్(-2), లాగ్(-5) వస్తాయి. లాగ్‌లను కలిపేసరికి (-2) × (-5) = 10 అయి రుణ గుర్తులు కొట్టుకుపోయాయి. అందుకే అది కూడా జవాబులాగే కనిపించింది. వచ్చిన ప్రతి విలువనూ మొదటి సమీకరణంలోనే సరిచూడాలి, మధ్యలో వచ్చిన వర్గ సమీకరణంలో కాదు.

ఇక 3.729 సంగతి. అదీ తప్పు కాదు, వేరే లెక్కకు జవాబు. బడి పుస్తకాల్లో ఆధారం రాయని లాగ్‌కు సాధారణంగా 10 ఆధారం, అంటే 10ని ఏ ఘాతానికి హెచ్చిస్తే ఆ సంఖ్య వస్తుందో అదే దాని లాగ్. వుల్ఫ్రామ్ ఆల్ఫా మాత్రం దాన్ని సహజ లాగరిథమ్‌గా తీసుకుంటుంది, అంటే ఆధారం సుమారు 2.718. ఫలితం దగ్గరే ఆ మాట రాసి, 10కి మార్చుకునే లింకు కూడా ఇస్తుంది. చాలామంది అది చదవకుండా అంకె మాత్రం కాపీ చేసుకుంటారు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలోని మ్యాథ్ లాగ్ ఫంక్షన్ కూడా సహజ లాగ్‌నే ఇస్తుంది. ఎక్సెల్‌లో లాగ్ అంటే 10 ఆధారమే. కొత్త టూల్ ఏది తెరిచినా ముందు లాగ్(10) కొట్టండి. 1 వస్తే ఆధారం 10, 2.302 అలా వస్తే సహజ లాగ్.

ప్రశ్న: నా కాలిక్యులేటర్‌లో ఆధారం 2 బటన్ లేదు. ఎలా?

జవాబు: సంఖ్య లాగ్‌ను 2 లాగ్‌తో భాగించండి. లాగ్(8) ÷ లాగ్(2) కొడితే 3 వస్తుంది. బ్రాకెట్ విడివిడిగా మూయాలి. లాగ్(8 ÷ 2) అని కొడితే 0.602 వస్తుంది, అది 4కు లాగ్.