ఇంట్లో పెద్దవాళ్లకు టీబీ అని తేలితే చంటిబిడ్డకు పరీక్ష చేయించాలా?

మీరు రాసింది ఇదీ: మామగారికి ఊపిరితిత్తుల టీబీ ఉందని తెమడ పరీక్షలో తేలింది. అందరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. బాబుకు ఎనిమిదో నెల. దగ్గు, జ్వరం ఏమీ లేవు, పాలు బాగా తాగుతున్నాడు, పాకుతున్నాడు. "బాగున్న బిడ్డకు సూదులెందుకు, బీసీజీ వేయించాం కదా" అని అత్తగారు అంటున్నారు. పరీక్ష చేయించాలా, కొన్నాళ్లు ఆగి చూడాలా అన్నది మీ సందేహం.

ఆగి చూడొద్దండీ. ఈ వారంలోనే బాబును డాక్టరుకు చూపించండి. అయితే మీ ఇంట్లో వాదన అంతా "పరీక్ష చేయించాలా, వద్దా" అన్న దగ్గరే ఆగిపోయింది. చంటిబిడ్డల విషయంలో అసలు ప్రశ్న అది కాదు. బిడ్డకు ఇప్పటికే జబ్బు మొదలైందా లేదా అన్నది డాక్టరు చూడాలి. మొదలవ్వకపోతే, రాకుండా ఉండే మందు వెంటనే వేయాలి. ఆ మందు వేయడానికి పరీక్షలో పాజిటివ్ రావాల్సిన పని లేదు. ఇది నాకు మా పాప విషయంలో తెలిసింది. నేను డాక్టరును కాను, మీలాగే ఒక తల్లిని.

కాన్పుకు పుట్టింటికి వెళ్లాను. మాది అనంతపురం వైపు పల్లె. పాపకు ఐదో నెల నడుస్తున్నా ఇంకా అక్కడే ఉన్నాం. మా నాయనకు అప్పటికి చాలాకాలంగా దగ్గు. బీడీల దగ్గని ఊళ్లో ఆర్‌ఎంపీ సిరప్పులు ఇస్తూ వచ్చాడు. చివరికి బరువు తగ్గిపోయి, సాయంత్రం పూట జ్వరం వస్తుంటే ఆశా కార్యకర్త తెమడ డబ్బా ఇచ్చి పీహెచ్‌సీకి పంపించింది. తెమడలో టీబీ క్రిమిని వెతికే సీబీనాట్ మెషీన్‌లో టీబీ అని వచ్చింది. పాప పగలంతా ఆయన ఒళ్లోనే ఉండేది. రాత్రి అందరం ఒకే గదిలో పడుకునేవాళ్లం. ఆ రిపోర్టు చూసిన రోజు నాకు వచ్చిన టెన్షన్ ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ ముందు పాపను ముట్టుకోలేదు, నన్ను ప్రశ్నలడిగారు. దగ్గేది ఎవరు, ఎంతకాలంగా, ఒకే గదిలో పడుకున్నారా, ఆయన రిపోర్టు ఏదీ? ఆ తర్వాత పాప టీకాల కార్డు అడిగి, అందులో నెలనెలా రాసిన బరువులు ఒకదాని పక్కన ఒకటి చూశారు. మెడ దగ్గర గడ్డలున్నాయేమో తడిమారు, మాడు ఉబ్బిందేమో చూశారు, ఊపిరి విన్నారు. ఛాతీ ఎక్స్‌రే తీయించారు. ముంజేతి మీద మాంటూ పరీక్ష చేశారు. చర్మంలోకి చిన్న సూదితో మందు ఎక్కించి, 48 నుంచి 72 గంటల లోపు అక్కడ ఎంత గట్టిపడిందో స్కేలుతో కొలుస్తారు. మామూలుగా 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే పాజిటివ్ అంటారు. ఎర్రదనాన్ని కొలవరు, గట్టిపడిన చోటునే కొలుస్తారు. అందుకే ఇంట్లో మనం చూసి తేల్చుకోకూడదు, కొలవడానికి మళ్లీ వెళ్లాల్సిందే.

పాపకు మాంటూలో ఏమీ గట్టిపడలేదు, నెగెటివ్ అన్నారు. ఎక్స్‌రే కూడా బాగుంది. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడు డాక్టరమ్మ టీబీ రాకుండా ఆపే ఐసోనియాజిడ్ అనే మందు ఆరు నెలలకు రాశారు. నెగెటివ్ వచ్చాక మందులెందుకని మా ఆయన గట్టిగానే అడిగారు. ఆమె విసుక్కోకుండా చెప్పిన మాటలు మీ ఇంట్లో కూడా అందరూ వినాలి.

క్రిమి ఒంట్లోకి వెళ్లిన వెంటనే మాంటూ పాజిటివ్ రాదు. దానికి రెండు వారాల నుంచి ఎనిమిది, పది వారాల దాకా పట్టొచ్చు. మీ మామగారు నిన్నటిదాకా దగ్గుతూనే ఉన్నారు కాబట్టి బాబుకు పోయినవారం సోకినా ఇవాళ్టి పరీక్షలో కనపడకపోవచ్చు. పైగా చంటిబిడ్డల్లో రోగనిరోధక శక్తి ఇంకా పూర్తిగా రూపుదిద్దుకోదు. సోకి చాలాకాలమైనా చర్మం స్పందించకపోవచ్చు. బరువు తక్కువున్న బిడ్డల్లో, తట్టు వచ్చి తగ్గిన బిడ్డల్లో ఇది ఇంకా ఎక్కువ. రెండో వైపు, బీసీజీ వేయించుకున్న బిడ్డలో టీబీ సోకకపోయినా కొంత గట్టిపడొచ్చు. అంటే నెగెటివ్‌ను పూర్తిగా నమ్మలేం, పాజిటివ్ వచ్చినా అది జబ్బు ఉన్నట్టు కాదు, సోకి ఉండొచ్చని మాత్రమే. ఐగ్రా అనే రక్తపరీక్షకు బీసీజీతో గందరగోళం లేదు కానీ, రెండేళ్ల లోపు పిల్లల్లో అది కూడా అంత నమ్మదగ్గది కాదు.

మరి ఇంత తొందర ఎందుకు? పెద్దవాళ్లలో క్రిమి సోకిన వందమందిలో ఐదు నుంచి పది మందికి మాత్రమే జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా మారుతుంది. ఏడాది లోపు పిల్లల్లో అలా కాదు. మందులు లేని రోజుల్లో సోకిన చంటిబిడ్డల్లో దాదాపు సగం మంది జబ్బు పడేవారు. అదీ ఏళ్ల తర్వాత కాదు, నెలల్లోనే. వాళ్లలో కొందరికి అది మెదడు పొరలకు పాకేది. మెదడుకు పాకిన టీబీ నుంచి బిడ్డ బతికి బయటపడినా చూపో, వినికిడో, కాలూ చెయ్యో దెబ్బతినొచ్చు. అందుకే ఇంట్లో ఊపిరితిత్తుల టీబీ రోగి ఉంటే ఐదేళ్ల లోపు పిల్లలకు, జబ్బు లేదని చూసుకున్నాక, మాంటూ ఫలితంతో పని లేకుండా నివారణ మందు ఇవ్వాలని మన జాతీయ టీబీ కార్యక్రమం నియమం. దాన్ని టీపీటీ అంటారు. పీహెచ్‌సీలో ఆ మూడు అక్షరాలూ చెబితే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. మందు ఉచితం.

అలాగని పరీక్షలే వద్దనడం లేదు. జబ్బు మొదలైన బిడ్డకు ఒక్క ఐసోనియాజిడ్ మాత్రమే ఇస్తే సరిపోదు, క్రిమి ఆ మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి ముందు జబ్బు లేదని తేల్చుకోవాలి. అక్కడ డాక్టరు చూపు, బరువుల కార్డు, ఎక్స్‌రే పనికొస్తాయి. రెండు వారాలు దాటిన దగ్గు లేదా జ్వరం, బరువు పెరగకపోవడం, పాలు సరిగా తాగకపోవడం, ఎప్పుడూ మగతగా ఉండటం, వీటిలో ఏదున్నా కథ మారుతుంది. చంటిబిడ్డలు తెమడ ఉమ్మలేరు, మింగేస్తారు. అందుకని పొద్దున్నే పాలు పట్టకముందు ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి కడుపులోని ద్రవం తీసి సీబీనాట్‌కు పంపుతారు. మలం నమూనాలో వెతికే పద్ధతి కూడా ఇప్పుడుంది. మా పక్క మంచంలో ఉన్న బాబుకు గొట్టం వేయడం చూశాను. బిడ్డ ఏడుస్తాడు, తల్లికి కష్టంగా ఉంటుంది, కానీ కాసేపట్లో అయిపోతుంది. అందులో నెగెటివ్ వచ్చినా లక్షణాలు బలంగా ఉంటే డాక్టరు చికిత్స మొదలుపెట్టొచ్చు. పిల్లల ఒంట్లో క్రిములు తక్కువగా ఉంటాయి కాబట్టి చాలాసార్లు దొరకవు.

ఒక జాగ్రత్త. మాకు ఒక ప్రైవేటు ల్యాబ్‌లో "అంతా ఎందుకు, రక్తంలో టీబీ యాంటీబాడీలు చూస్తే తేలిపోతుంది" అన్నారు. టీబీ నిర్ధారణకు అలాంటి యాంటీబాడీ పరీక్షలను మన దేశంలో 2012లోనే నిషేధించారు. ఎవరైనా చేస్తామంటే ఒప్పుకోకండి. డబ్బు పోవడం ఒక్కటే కాదు, తప్పుడు భరోసాతో బిడ్డకు మందు ఆలస్యమవుతుంది.

అత్తగారి బీసీజీ మాటకు వద్దాం. ఆమె అన్నదాంట్లో సగం నిజం ఉంది, అది ఆమెకు చెప్పండి కూడా. చంటిపిల్లల్లో మెదడు టీబీ, ఒళ్లంతా పాకే టీబీ రాకుండా బీసీజీ చాలావరకు కాపాడుతుంది. వేయించి మంచి పనే చేశారు. కానీ అది పూర్తి రక్షణ కాదు. తమిళనాడులోని చెంగల్పట్టులో 1968లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి చేసిన పెద్ద పరిశీలనలో, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని బీసీజీ ఆపలేదని తేలింది. ఒకే గదిలో నెలల తరబడి దగ్గే మనిషి ఉన్నప్పుడు టీకా ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోలేం.

మీరు రాయలేదు గానీ, మీ ఇంట్లో ఇంకో భయం కూడా ఉండొచ్చు. మా ఇంట్లో ఉండింది. ఆడపిల్ల, రికార్డుల్లో పేరెక్కితే రేపు ఎవరేమంటారో అని మా జేజి ఏడ్చింది. ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం, అంటే టీబీ రోగుల ఆసుపత్రి, 1915 నుంచీ ఉంది. ఆమె పుట్టింటి తరఫున ఒకరిని మందులు లేని రోజుల్లో అక్కడికి తీసుకెళ్లారట, ఆయన తిరిగి రాలేదు. ఐసోనియాజిడ్ 1952లో వచ్చాక ఈ జబ్బు చాలావరకు నయమయ్యేదిగా మారింది. పాపకు రోజూ వేస్తున్న మాత్ర అదేనని చెప్పాక జేజి కాస్త కుదుటపడింది. టీబీ రోగి వివరాలు ప్రభుత్వానికి తెలియజేయడం 2012 నుంచి తప్పనిసరి, ప్రైవేటు ఆసుపత్రికైనా అంతే. అది మందులు సక్రమంగా అందడానికి, ఇంట్లోవాళ్లను పరీక్షించడానికి. నివారణ మందు వేసుకుంటున్న బిడ్డ రోగి కాదు. వాడి వల్ల ఎవరికీ ఏమీ రాదు. అంగన్‌వాడీకి పంపొచ్చు, ఎవరైనా ఎత్తుకోవచ్చు.

మందు వేయడం గురించి. మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది. బరువు పెరిగే కొద్దీ డాక్టరు మారుస్తారు కాబట్టి నెలనెలా తూకం తప్పకూడదు. మాత్రను పొడిచేసి కాసిని నీళ్లలో కలిపి, పరగడుపున చెంచాతో పట్టేదాన్ని. కక్కేస్తే మళ్లీ ఎంత ఇవ్వాలో ముందే అడిగి పెట్టుకున్నాను, మీరూ అడగండి. బీ6 విటమిన్ కూడా కావాలా అన్నది కూడా వాళ్లే చెబుతారు. వాంతులు ఆగకపోవడం, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తే మందు ఆపి వెంటనే చూపించాలి. పిల్లల్లో ఇది చాలా అరుదు, మా పాపకు ఏమీ కాలేదు. కష్టమల్లా ఎక్కడంటే, బిడ్డ కిలకిలా నవ్వుతూ ఆడుకుంటుంటే "ఇంకెందుకు మందు" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. మూడో నెలలో ఆపేయాలనిపిస్తుంది. ఆపొద్దు. పాప కోర్సు పూర్తయింది, ఇప్పుడు బడికి వెళ్తోంది. మా నాయనకూ పూర్తిగా నయమైంది.

పాలు మానేయకండి. తల్లిపాల ద్వారా టీబీ రాదు. కంచాలు, గ్లాసులు, బట్టల ద్వారా కూడా రాదు. మామగారి గిన్నెలు వేరు చేసి ఆయన మనసు కష్టపెట్టకండి, ఆ శ్రమ కిటికీలు తెరిచి పెట్టడం మీద పెట్టండి. ఇది గాలి ద్వారా వచ్చే జబ్బు. ఆయనకు మందులు పనిచేయడం మొదలైతే, సాధారణంగా రెండు వారాల్లో ఆయన నుంచి ఇతరులకు సోకే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. అప్పటిదాకా ఆయన వేరే గదిలో గానీ, గాలి వెలుతురు వచ్చే వసారాలో గానీ పడుకోవాలి, మాస్కు పెట్టుకోవాలి, బాబును ఎత్తుకోకుండా ఉండాలి. మనవణ్ని దూరం పెట్టమని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అత్తగారి చేత చెప్పించండి.

వెళ్లేటప్పుడు బాబు టీకాల కార్డుతో పాటు మామగారి రిపోర్టు జిరాక్సు తప్పకుండా పట్టుకెళ్లండి. అందులో రిఫాంపిసిన్ (టీబీకి వాడే ముఖ్యమైన మందు) అన్న చోట రెసిస్టెన్స్ ఉందని రాసి ఉంటే, అంటే ఆయనకున్నది మామూలు మందులకు లొంగని టీబీ అయితే, బాబుకు ఈ ఐసోనియాజిడ్ పనిచేయకపోవచ్చు. అప్పుడు వాడికి ఏ మందు ఇవ్వాలో పెద్దాసుపత్రిలో నిర్ణయిస్తారు. కొత్తగా తేలిన కేసు కాబట్టి కొన్ని ఫలితాలు ఇంకా రావాల్సి ఉండొచ్చు, అవి ఎప్పుడొస్తాయో టీబీ సిబ్బందిని అడిగి రాసుకోండి. ఇంట్లో దగ్గుతున్న పెద్దవాళ్లు ఎవరున్నా అదే రోజు తెమడ ఇప్పించండి. పీహెచ్‌సీలో సరైన సమాధానం రాకపోతే టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666కు ఫోన్ చేయండి, ఉచితం.