క్రిస్మస్ మటన్‌కి రెడ్ వైన్: ధర కన్నా ముందు సీసా వెనక తేదీ చూడండి

క్రిస్మస్ మధ్యాహ్నం పదిమందికి భోజనం, మటన్ ఉంటుంది, బడ్జెట్ రెండున్నర వేలు. ఒకటే ఖరీదైన రెడ్ వైన్ కొనాలా, రెండు మామూలువి కొనాలా అని అడిగారు. రెండు మామూలువే కొనండి. ఎందుకంత గట్టిగా చెప్తున్నానో తెలియాలంటే మా ఇంట్లో 2022 క్రిస్మస్ నాడు ఏం జరిగిందో చెప్పాలి.

మాది మహారాష్ట్రలోని బల్లార్పూర్. బాపు బొగ్గు గనిలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా చంద్రపూర్ జిల్లాలో 2015 ఏప్రిల్ నుంచి మద్యనిషేధం ఉండేది. అన్నేళ్లూ పండగ పూట మా ఇంట్లో నల్లద్రాక్షని పిండి, చక్కెర కలిపిన రసమే. 2021లో నిషేధం ఎత్తేశారు. మరుసటి ఏడాది పెద్దబాపు వాళ్లు కూడా వస్తున్నారని తెలిసి, ఈసారి మంచి వైన్ పెట్టాలని నేనే పూనుకున్నాను. వైన్ షాపు అని పేరే గానీ లోపలంతా విస్కీ, బీరు. వైన్‌కి ఇచ్చింది వీధి వైపు అద్దాల అల్మరాలో ఒక్క అర. అందులో ముందు నిలబెట్టిన సీసా పద్నాలుగు వందలు పెట్టి తెచ్చాను. బరువైన సీసా, బంగారు రంగు లేబుల్. అంతకు మించి నేనేమీ చూడలేదు.

చర్చి నుంచి వచ్చి అందరం కూర్చున్నాం. బగారా అన్నం, మటన్ కూర వడ్డించారు. సీసా మూతి మీద రేకు తీస్తే కింద జిగట. కార్క్ మూతి అంచు దాటి కొంచెం పైకి పొడుచుకొచ్చి ఉంది. గ్లాసులో పోస్తే అంచున ఎరుపు పోయి ఇటుక రంగు. వాసన చూస్తే అడుగంటిన పాకంలో ఎండుద్రాక్ష వేసినట్టుంది. పెద్దబాపు ఒక్క గుక్క తాగారు. ఏమీ అనలేదు. గ్లాసుని మెల్లగా జరిపి నీళ్ల చెంబు వెనక పెట్టేశారు. నాకు ముద్ద దిగలేదు.

అప్పుడు మా బావ లేచి, పుణె నుంచి వస్తూ తెచ్చిన సీసా ఫ్రిజ్‌లోంచి తీశాడు. నాసిక్‌ది, షిరాజ్, కాబర్నే అనే ద్రాక్షలు కలిపిన మామూలు రకం, తిప్పితే వచ్చే మూత. ధర నాదాంట్లో సగం. దాన్ని ఒక పది నిమిషాలు బయట ఉంచి పోశాడు. పెద్దబాపు మటన్ ముక్క తిని ఒక గుక్క వేసి, "ఇది బాగుందిరా, ఇంకొంచెం పొయ్" అన్నారు.

నా సీసాకి పట్టిన రోగం ఎండ. మే నెలలో మాకు 46, 47 డిగ్రీలు మామూలే. ఏసీ లేని షాపులో, అద్దం వెనక, ఒక్క ఎండాకాలం గడిపిందంటే ఎంత గొప్ప వైన్ అయినా ఉడికిపోతుంది. వేడికి లోపలి ద్రవం పెరిగి కార్క్‌ని తోస్తుంది. ఖరీదైనవి ఎక్కువగా అమ్ముడుపోవు కాబట్టి మా లాంటి ఊళ్లలో అవే ఏళ్లతరబడి అరల్లో ఉంటాయి. చౌకరకం తొందరగా అమ్ముడుపోతుంది, తాజాగా దొరుకుతుంది. అందుకే సీసా వెనక నింపిన నెల, సంవత్సరం చదవండి. నాసిక్‌లో ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా. ఏడాది, ఏడాదిన్నర లోపుదైతే తీసుకోండి. ముందున్నది వద్దు, లోపలి పెట్టెలోంచి తీసి ఇమ్మని అడగండి. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

రెండో సంగతి వగరు. ద్రాక్ష తొక్క నుంచి, గింజ నుంచి, కొంత వైన్ నిలవ ఉంచే ఓక్ చెక్క పీపా నుంచి వస్తుంది. మటన్ కొవ్వుకి ఆ వగరు బాగానే ఉంటుంది, కానీ మన కారానికి కాదు. అందులోనూ ఇక్కడి ఘాటైన సావ్జీ మసాలా పడితే వగరూ, కారమూ, ఆల్కహాలూ కలిసి నోరు మండుతుంది. పీపాలో ఏళ్లు ఉంచిన బరువైన రిజర్వ్ రకాలు ఇంగ్లిష్ వాళ్ల రోస్ట్‌కి బాగుంటాయేమో గానీ మన కూరకి దండగ. పీపా తగలని లేత షిరాజ్, లేదా జిన్‌ఫాండెల్ అడగండి. సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో పండే సాంజోవేజీకి పులుపు బాగా ఉంటుంది, గోంగూర మటన్ చేస్తే నేను అదే పెడతాను.

షాపువాడు పోర్ట్ అని తియ్యటిది అంటగట్టబోతాడు. మా వీధిలో సగం ఇళ్లలో రెడ్ వైన్ అంటే అదే అనుకుంటారు, నాకు అది చాలా బాధ. అసలు పోర్ట్ పోర్చుగల్ దోరు లోయది. ఇక్కడ ఆ పేరుతో అమ్మేది వేరే సరుకు. కేక్‌తో ఇవ్వండి, మటన్‌తో వద్దు.

రెడ్ వైన్ ఫ్రిజ్‌లో పెట్టకూడదన్న మాట కూడా పట్టించుకోకండి. అది చలిదేశాల గదుల లెక్క, పదహారు, పద్దెనిమిది డిగ్రీలు. మధ్యాహ్నం భోజనానికి ముందు అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే సరిపోతుంది.

750 మిల్లీలీటర్ల సీసాలో వంద మిల్లీలీటర్ల చొప్పున ఏడు గ్లాసులు వస్తాయి. పదిమందిలో ఇద్దరు ముగ్గురు ముట్టరు కాబట్టి రెండు సీసాలకి తలా దాదాపు రెండు గ్లాసులు పడతాయి. ఏమైనా మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఉంటుంది. మా పక్క జిల్లా గడ్చిరోలి వైపు చుట్టాలుంటే మాత్రం వాళ్లకని పట్టుకెళ్లకండి, అక్కడ 1993 నుంచీ నిషేధమే. అక్కడి సిరోంచలో ఉన్న మా చిన్నమ్మకి మేం ఇప్పటికీ కేకు, ద్రాక్షరసమే పంపిస్తాం.