స్కీ గాడిలో అడుగు పెట్టొచ్చా?

ప్రశ్న: జనవరిలో గుల్మార్గ్ వెళ్తున్నాం. స్నోషూలు (మంచులో కాలు దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు) కట్టుకుని స్కీయింగ్ దారిలో నడవొచ్చా? లోపల ఏం వేసుకోవాలి?
– ఓ పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: స్నోషూలను అనుమతించే దారైతే నడవండి. కానీ స్కీల కోసం వేసిన జంట గాడుల్లో మాత్రం కాలు పెట్టకండి. స్నోషూ అడుగున ఉండే పళ్లు గాడి అంచును విరగ్గొడతాయి. రాత్రికి అది గడ్డకడితే మర్నాడు వచ్చేవారి స్కీ అక్కడే తడబడుతుంది. దారి అంచున ఒకరి వెనక ఒకరు వెళ్లండి. వాలు దిగేవారికి తప్పుకోండి, వాళ్లు చటుక్కున ఆగలేరు. మలుపుల్లో సెల్ఫీలా, అసలొద్దు.

మనవాళ్లు చేసే పొరపాటు కాటన్ బనియన్. చెమటకు తడిస్తే ఓ పట్టాన ఆరదు, నడక ఆపగానే ఒళ్లు చల్లబడుతుంది. ఉన్నిది గానీ పాలిస్టర్‌ది గానీ వేసుకోండి. గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తు. సముద్రం పక్క నుంచి వెళ్తున్నారు, మొదటి రోజు విశ్రాంతి తీసుకోండి. వేళ్లు తెల్లబడి మొద్దుబారితే రుద్దకండి. గదికి చేరాక 37–39 డిగ్రీల నీళ్లలో ఉంచి, డాక్టరుకు చూపించండి.