డిప్లొమా తరువాత కమ్యూనిటీ కాలేజీ డిగ్రీ

ప్రశ్న: మా అబ్బాయి తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తి చేశాడు. సియాటిల్‌లో ఉన్న మా బావమరిది అక్కడి కమ్యూనిటీ కాలేజీలో అప్లైడ్ బ్యాచిలర్స్ చదివించమంటున్నాడు. అది అసలైన డిగ్రీయేనా?
– ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: అసలైన డిగ్రీయే. ఒకప్పుడు రెండేళ్ల అసోసియేట్ కోర్సులకే పరిమితమైన ఈ స్థానిక ప్రభుత్వ కాలేజీలలో, సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రం 2005లో చేసిన చట్టం తరువాత, వృత్తివిద్య చదివినవారు అక్కడే మరో రెండేళ్లు చదివి బ్యాచిలర్ ఆఫ్ అప్లైడ్ సైన్స్ పట్టా పొందే వీలు కలిగింది. ఈ పట్టాకు కావలసిన మొత్తం 180 క్వార్టర్ క్రెడిట్లలో (చదువును లెక్కించే యూనిట్లు) దాదాపు సగం అసోసియేట్ దశలోనే పూర్తవుతాయి.

మీ చిక్కంతా ఇక్కడే ఉంది. పదో తరగతి తరువాత చదివిన మన డిప్లొమాను అసోసియేట్‌కు సమానంగా ఆ కాలేజీ గుర్తించకపోతే, అబ్బాయి మొదటి సంవత్సరం నుంచే చదవవలసి రావచ్చు. కాబట్టి మార్కుల జాబితాలతో పాటు ల్యాబ్ గంటలు చూపే సిలబస్ ప్రతిని కూడా పంపి, ఎన్ని క్రెడిట్లు ఇస్తారో కాలేజీ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోండి. కన్సల్టెన్సీ వారి నోటి హామీ, అది ఎంత తీయగా ఉన్నా, చాలదు. తరువాత ఎం.ఎస్. చదివే ఆలోచన ఉంటే, ఈ పట్టాను అన్ని విశ్వవిద్యాలయాలూ ఒకే తీరున చూడవని గమనించండి.

నా మటుకు, అమెరికా వెళ్లాలన్న పట్టుదల లేకపోతే ఈసెట్ (డిప్లొమా వారికి పెట్టే ప్రవేశ పరీక్ష) రాయించి, ఇక్కడే బీటెక్ రెండో సంవత్సరంలో చేర్పించమనే చెబుతాను.