ఆఫీసులో ఒకరికి ఫ్లూ వస్తే వరసగా అందరికీ అంటుకుంటోంది. సీట్ల మధ్య అడ్డాలు పెడితే ఆగుతుందా?

పెద్దగా ఆగదు. దగ్గినప్పుడు ఎగిరే పెద్ద తుంపర్లను అడ్డం ఆపుతుంది. మాట్లాడినప్పుడు వచ్చే సన్నటి తుంపర్లు మాత్రం చాలాసేపు గాల్లో తేలుతూ దాని పైనుంచి దాటిపోతాయి. అడ్డాలు మరీ ఎత్తుగా ఉంటే గాలి కదలక మూలల్లో నిలిచిపోతుంది కూడా.

అసలు చిక్కు స్ప్లిట్ ఏసీతోనే. అది గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది, బయటి గాలిని తేదు. 2020 జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒక రెస్టారెంట్‌లో ఏసీ గాలి దారిలో ఉన్న మూడు బల్లల వాళ్లకు కోవిడ్ సోకింది. కాబట్టి ఏసీకి ఎదురుగా ఒకరి వెనక ఒకరిని కూర్చోబెట్టకండి.

గదిలో గాలి గంటకు కనీసం 5 సార్లు మారినంత శుద్ధి జరగాలి. 6×5×3 మీటర్ల గదైతే 90 ఘనపు మీటర్లు, అంటే గంటకు 450 ఘనపు మీటర్ల గాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను తెరిచిన కిటికీకి ఎదుటి గోడకు పెట్టండి. పక్కనే పెడితే వచ్చిన గాలి వచ్చినట్టే బయటికి పోతుంది, గది మధ్యలో ఏమీ మారదు. కిటికీలు తెరవలేకపోతే హెపా ప్యూరిఫైయర్ (సన్నటి కణాలను కూడా పట్టే ఫిల్టర్ ఉన్న గాలి శుద్ధి యంత్రం) పెట్టండి.

మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ గదిలో ఎంత పేరుకుందో కొలిచే మీటర్ 800 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 800) లోపు చూపిస్తే గాలి బాగా మారుతున్నట్టే. ప్యూరిఫైయర్ వైరస్‌ను పట్టినా ఈ అంకెను తగ్గించదు, అది చూసి కంగారు పడకండి.