మేడ మీద వేధశాల కోసం ఆరు లక్షల అప్పు చేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 43. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. నెలకు 95 వేలు చేతికి వస్తాయి. ఉప్పల్‌లో సొంత ఇల్లు ఉంది, దాని రుణ వాయిదా 31 వేలు. ఇంటి ఖర్చు 38 వేలు, సిప్‌లలో 10 వేలు పోతాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్లలో 7 లక్షలున్నాయి. అమ్మాయి తొమ్మిదో తరగతి. చిన్నప్పటి నుంచి నాకు నక్షత్రాలంటే ప్రాణం. మేడ మీద గోపురం గది కట్టి 8 అంగుళాల టెలిస్కోపు పెట్టుకోవాలని ఉంది. గదికి 3.2 లక్షలు, టెలిస్కోపు, మౌంటు (టెలిస్కోపును మోస్తూ తిప్పే ఆధారం), కెమెరాలకు 2.8 లక్షలు అవుతాయన్నారు. బ్యాంకు 13 శాతం వడ్డీకి 6 లక్షలు ఇస్తానంటోంది. నా భార్య వద్దంటోంది. అమ్మానాన్నలు దేవరకొండ దగ్గర మా ఊళ్లో ఉంటారు. ఏం చేయమంటారు?

జవాబు: వేధశాల కట్టుకోమనే చెబుతాను. కానీ ఉప్పల్ మేడ మీద కాదు, అప్పు తెచ్చి అసలే కాదు.

ముందు అప్పు సంగతి. 6 లక్షలను 13 శాతం వడ్డీతో ఐదేళ్లలో తీర్చాలంటే నెల వాయిదా సుమారు 13,650 రూపాయలు. మొత్తం కట్టేది 8.19 లక్షలు. మీకు ఖర్చులన్నీ పోను నెలకు మిగిలేది 16 వేలు. వాయిదా కడితే 2,350 మిగులుతాయి. మీ అమ్మాయి ఇంటర్, ఇంజినీరింగ్ మొదటి ఏడాది సరిగ్గా ఈ ఐదేళ్లలోనే వస్తాయి. ఏ నెలలో జ్వరం వచ్చినా, బండి మరమ్మతుకు వచ్చినా క్రెడిట్ కార్డు మీద పడతారు.

పోనీ డిపాజిట్లు తీద్దామా అంటే, ఆ 7 లక్షలూ మీవి కావు. వాయిదా, ఇంటి ఖర్చు కలిపి నెలకు 69 వేలు. ప్రైవేటు ఉద్యోగం కాబట్టి ఆరు నెలలకు సరిపడా 4.15 లక్షలను ముట్టుకోకండి. ఇంటర్ ఫీజులకు 2 లక్షలు విడిగా పెట్టండి. మిగిలిన 85 వేలు మాత్రమే మీ నక్షత్రాలవి.

ఇప్పుడు అసలు లెక్క. ఇది రాత్రుల లెక్క. సొంత వేధశాల వల్ల ఒరిగేది ఒక్కటే: పరికరాలను ప్రతిసారీ మోయడం, బిగించడం, ధ్రువ నక్షత్రానికి సరిచేసుకోవడం తప్పుతుంది. తలుపు తీసిన కొద్ది నిమిషాల్లో చూడటం మొదలవుతుంది. అంటే అది రాత్రులను పెంచే గది. పదేళ్లపాటు ఏడాదికి 40 రాత్రులు వాడితే 400 రాత్రులు. వడ్డీతో కలిపి 8.19 లక్షలు పెడితే రాత్రికి సుమారు 2,050 రూపాయలు. ఏడాదికి పది రాత్రులే వాడితే రాత్రికి 8,190. మీరు ఏ కోవలోకి వస్తారో మీ ఉత్తరంలో లేదు. గత ఏడాది ఎన్ని రాత్రులు ఆకాశం చూశారో కూడా రాయలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు. మిగతా నెలల్లో మసక వస్తువులను చూడాలంటే వెన్నెల లేని రోజులే కావాలి. మర్నాడు ఆఫీసు ఉంటుంది. నలభై అనుకున్నంత తేలిక కాదు.

ఇక స్థలం. ఇక్కడ కాస్త చరిత్ర చెప్పాలి, ఎందుకంటే హైదరాబాదే దీనికి పెద్ద ఉదాహరణ. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాద్‌లోని ఫిసల్‌బండలో సొంత వేధశాల మొదలుపెట్టారు. 1908లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది, తర్వాత బేగంపేటకు మారింది. నగరం పెరిగింది, దీపాలు పెరిగాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోపు కోసం ఊరికి యాభై కిలోమీటర్ల అవతల రంగాపూర్‌ను ఎంచుకుంది. 1968లో అక్కడ పని మొదలైంది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణానికి శాస్త్రవేత్తలు అక్కడికే చేరారు. చివరికి నగరపు వెలుతురు ఆ ఆకాశాన్నీ వదల్లేదు. అంత దూరం పోయిన విశ్వవిద్యాలయానికే అలా అయితే ఉప్పల్ మేడ మీద మీరు కట్టే 3.2 లక్షల గది ఏం చూడగలదు?

చంద్రుడు, గురుడు, శని, జంట నక్షత్రాలు ఉప్పల్‌లోనూ చక్కగా కనిపిస్తాయి, కాదనను. వాటికి గోపురం అవసరం లేదు. పాలపుంత, గెలాక్సీలు, మసక నిహారికలు కావాలంటే చీకటి కావాలి. పైగా మేడ స్లాబు పగలంతా కాగి అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది, దాని మీదుగా చూస్తే బొమ్మ ఉడుకుతున్నట్టు కదులుతుంది. కింద నీళ్ల మోటారు వేసినా, పక్కన ఎవరైనా నడిచినా టెలిస్కోపు వణుకుతుంది. మేడ మీద శాశ్వత కట్టడానికి పురపాలక అనుమతి అడుగుతారన్నది మరో తలనొప్పి.

దేవరకొండ దగ్గర మీ ఊరు ఉంది, అమ్మానాన్నలు ఉన్నారు, చీకటి ఉంది. అక్కడ గొయ్యి తీసి టెలిస్కోపు నిలబెట్టడానికి కాంక్రీటు దిమ్మె పోయించండి. దిమ్మెకూ గది గచ్చుకూ మధ్య రెండు వేళ్ల సందు వదలండి, అప్పుడు మీ అడుగుల అదురు టెలిస్కోపుకు చేరదు. గోపురం వద్దు. పక్కకు జరిగే రేకుల కప్పు చాలు. స్లైడింగ్ గేట్లకు వేసే చక్రాలు, ఇనుప యాంగిళ్లు, రేకులతో పట్టణంలోని వెల్డింగ్ షాపులోనే చేయించుకోవచ్చు. ఈదురుగాలికి కప్పు లేచిపోకుండా నాలుగు మూలలా గొళ్లేలు మాత్రం తప్పనిసరి. మీకు గోపురానికి చెప్పిన ధరలో సగానికి మించకూడదు, మించితే బేరం ఆడండి. కటకాలను, కెమెరాను గదిలో వదలకండి, ఇంట్లో పెట్టెలో సిలికా జెల్‌తో ఉంచండి. ఒక వానాకాలం నేను అశ్రద్ధ చేసి మంచి ఐపీసును (కన్ను ఆనించి చూసే కటకాన్ని) బూజుకు పోగొట్టుకున్నాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మంచి టెలిస్కోపును ఎప్పుడు అమ్మినా కొంత డబ్బు వెనక్కి వస్తుంది. గోడలో, కప్పులో పెట్టిన డబ్బు తిరిగి రాదు. అందుకే ముందు గాజు, తర్వాత గది. ఈ 85 వేలలోపు 8 అంగుళాల డాబ్సోనియన్ (నేల మీద పెట్టి చేత్తో తిప్పే సాదా టెలిస్కోపు) కోసం వెతకండి, కొత్తది అందకపోతే వాడినదైనా సరే. ఫొటోలకు అది పెద్దగా పనికిరాదు, కళ్లకు మాత్రం పండుగ. దానితో రెండేళ్లు గడపండి. అదే రెండేళ్లూ నెలకు 12 వేల చొప్పున రికరింగ్ డిపాజిట్ కట్టండి. 6.5 శాతం వడ్డీ అనుకుంటే సుమారు 3.08 లక్షలు చేతికొస్తాయి. దేవరకొండ గది, ఫొటోలకు మంచి మౌంటు అందులోనే తేలాలి. మిగిలే 4 వేలు నెలవారీ అవసరాలకు. సిప్‌లు ఆపకండి.

మీ శ్రీమతి మాటను అడ్డుగా చూడకండి. ఆమె అడుగుతున్నది బహుశా అమ్మాయి ఫీజు గురించే, ఆ ప్రశ్న న్యాయమైనది. 2 లక్షల ఫీజు డిపాజిట్‌ను ఆమె పేరిట మార్చి, ఆ తర్వాతే టెలిస్కోపు మాట ఎత్తండి. విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో 1840లో గోడే వెంకట జగ్గారావు ఇలాంటి సొంత వేధశాలే కట్టారు. ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు, 1874 నాటి శుక్ర సంక్రమణాన్ని (శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని) పరిశీలించారు. ఇంట్లోవాళ్లు తమదనుకోబట్టే అది కట్టినవారితో ఆగిపోలేదు.

ఈ నెలే ఒక నోటు పుస్తకం కొనండి. తేదీ, స్థలం, ఎంతసేపు, ఏమి చూశారు అని రాసుకోండి. టెలిస్కోపు వచ్చేదాకా ఆగనక్కరలేదు, డిసెంబరు 13, 14 రాత్రుల్లో జెమినిడ్ ఉల్కలు ముమ్మరంగా రాలతాయి. అందరూ దేవరకొండ వెళ్లి ఆరుబయట చాపలు పరుచుకుని పడుకోండి. ఆ పుస్తకంలో ఏడాదికి 30 రాత్రులు దాటితే వెల్డింగ్ షాపుకు వెళ్లి ధర అడగండి. దాటకపోతే డిపాజిట్‌ను మరో ఏడాది పొడిగించండి.